మాస్టారి పులుసు పరీక్ష

పోయిన శనివారం ఏలూరులో ఒక షాపులో స్పీకర్లు పెట్టించుకుని వింటున్నాను. పెద్ద డబ్బా ఒకటి దబదబా మోగేసరికి షాపు అద్దాలు గలగలలాడాయి. "గేమ్స్‌కాండీ, సినిమాలకాండీ, పాటలకాండీ?" అని సేల్స్‌మన్ అరిచి అడిగాడు. ఆ మోతలో నాకు చేపల పులుసు వాసన తగిలినట్టయింది. స్పీకర్లకీ పులుసుకీ ఏం సంబంధమంటారా? అది తెలియాలంటే ముందు మా సుందరం మాస్టారు తెలియాలి.

తాడేపల్లిగూడెంలో ఆయనది మా పక్కిల్లు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. నా గొంతు కింది శ్రుతికి పనికొస్తుందని కనిపెట్టింది ఆయనే. "పై గొంతు అందరికీ వినబడుతుందమ్మా. కింది గొంతు లేకపోతే పాట ఒంటరిదైపోతుంది" అనేవారు. ఒక ఏడాది క్రిస్మస్‌కి కింది గొంతు నాకే అప్పగించి, రికార్డింగులు ఇచ్చి, ఇంట్లో విని నేర్చుకోమన్నారు. మా పాత స్పీకర్లలో అది వినబడితే ఒట్టు.

నాన్న కొత్తవి కొంటామన్నారు. ఒక్క జతే. అక్కడే ఇల్లు మూడు ముక్కలైంది. తమ్ముడికి గేముల్లో బాంబులు పేలాలి, నాన్నకి సినిమాల్లో ఫైట్లు అదరాలి. వాళ్ళు కోరిన డబ్బా ఇంటికొస్తే నా పాట అటకెక్కినట్టే. చివరికి నాన్న తీర్పు చెప్పమని మాస్టారిని పిలిచారు. "నాకు స్పీకర్ల సంగతి తెలీదండీ. పరీక్ష పెట్టడం మాత్రం తెలుసు" అన్నారాయన.

అందరం రైలెక్కి ఏలూరు వెళ్ళాం. మాస్టారు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి షాపాయనకిచ్చారు. ఏ భక్తిగీతమో వస్తుందనుకున్నాం. వచ్చింది ఆయన భార్య కమలమ్మగారి కేక.

"ఏవండోయ్! కొర్రమీను పులుసు చల్లారిపోతోంది, రండీ!"

షాపంతా ఇటు తిరిగింది. మాస్టారు తొణకలేదు. "సినిమా పాట అసలెలా ఉండాలో మనకేం తెలుసండీ? మా ఆవిడ గొంతైతే పెళ్ళైన దగ్గర్నించీ వింటున్నాను. తేడా వస్తే పట్టేస్తాను."

పెద్ద డబ్బాలో కమలమ్మగారు బావిలోంచి పిలిచినట్టు పిలిచారు. "ఈవిడెవరో నాకు తెలీదండీ" అన్నారు మాస్టారు. రెండోదాంట్లో ఆవిడ మాటలు పోపులో ఆవాల్లా చిటపటలాడాయి. "ఈవిడకి నా మీద కోపం వచ్చిందండీ, వద్దు" అన్నారు. మూడో జత చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. కేక వినగానే మాస్టారు స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. షాపాయన ఆశగా, "పులుసులో మామిడికాయ వేశారాండీ?" అని అడిగాడు.

"ఇప్పుడు తగ్గించండి" అన్నారు మాస్టారు. షాపాయన తగ్గించాడు. "ఇంకా తగ్గించండి." సౌండు అంత తగ్గినా, ఆ పిలుపు చివర, ఎక్కడో వరండాలోంచి, ఇందాక మోతలో మేం పట్టించుకోని జవాబొకటి సన్నగా వినబడింది. "ఆఁ, వస్తున్నా." అది మాస్టారి గొంతే. ఆయన నా వైపు తిరిగి, "అదిగోనమ్మా, కింది గొంతు. ఇవే ఇవ్వండి" అన్నారు.

తమ్ముడు అలిగి అన్నం మానేశాడు. తర్వాత గేములో వెనకనించి వచ్చే శత్రువు అడుగులు వినబడ్డాయట, ఆ స్పీకర్లు తనే ఎంచానని ఊరంతా చెప్పుకున్నాడు. ఫైట్ల మధ్యలో హీరో ఏమంటున్నాడో నాన్నకి మొదటిసారి అర్థమైంది. కాస్త నిరాశపడ్డారు కూడా. క్రిస్మస్‌కి నేను తడబడకుండా పాడాను. పాడుతుంటే మాస్టారు నన్ను చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నారు. అంతకంటే పెద్ద మెప్పు నాకింతవరకూ దొరకలేదు.

మాస్టారు పోయి రెండేళ్ళయింది. ఆ స్పీకర్లు పోయిన నెల మూగబోయాయి. అందుకే శనివారం షాపులో, మాస్టారు నా దగ్గరే ఉంచిన పెన్‌డ్రైవ్ ఇచ్చి, నేనూ కమలమ్మగారి కేకే పెట్టించాను. "తగ్గించండి" అన్న మాట నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. సేల్స్‌మన్ నన్ను వింతగా చూశాడు.

ఇంటికొచ్చి కొత్తవి తగిలించి మళ్ళీ పెట్టాను. గోడవతల గిన్నెల చప్పుడు ఆగింది. కమలమ్మగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. చివరిదాకా కదలకుండా విన్నారు.

"ఆఁ, వస్తున్నా."

"వస్తారు, వస్తారు! మూడుసార్లు పిలిస్తేగాని కదిలే మనిషా?" అన్నారావిడ. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ కుర్చీ లాక్కుని స్పీకర్లకి దగ్గరగా కూర్చున్నారు.

"ఇంకోసారి పెట్టమ్మా. కాస్త తగ్గించి పెట్టు."