నాలుగూ నాలుగూ నాలుగే

జగిత్యాల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో పాత కంప్యూటర్ పెట్టుకుని, అందులో ఎంత పడుతుందో అట్టముక్క మీద లెక్క రాస్తున్నాడు. నాలుగు టీబీల డిస్కులు రెండు అని రాసి, కింద మొత్తం నాలుగు అని వేశాడు. తప్పు లెక్క కనబడితే నేను ఊరుకోలేను.

"నాలుగూ నాలుగూ ఎనిమిది గద కొడుకా?"

"నాలుగే అవ్వా. ఒకదాంట్ల ఉన్నదే రెండోదాంట్ల గూడ ఉంటది. ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉంటది."

ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ వీడియోలూ వైఫైలో వాటంతటవే ఒళ్లోని ఆ కంప్యూటర్ పెట్టెలోకి చేరేలా చేస్తాడట. పెట్టె కోరుట్లలో సెకండ్ హ్యాండ్‌కు కొన్నాడట.

"గింత పొదుపు చేసెటోనివి, ఒక్క డిస్కు సాలదా?"

"మస్కట్‌ల తొమ్మిదేండ్లున్న అవ్వా. మా బిడ్డ పెరుగుడంత ఫోన్లనే చూసిన. ఒక ఫోన్ ఖరాబైంది. బిడ్డ నడక నేర్సిన వీడియో అండ్లనే ఉండె. ఇప్పుడు మల్ల నడిసి సూపియ్యమంటే నవ్వుతది."

వేములవాడలో దిగిపోయాడు. పేరు అడగలేదు.

మా ఆయన భివండి మగ్గాల పనికి పోయిన తేదీలూ, వచ్చిన తేదీలూ నేను రాసుకున్న పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఆయన చనిపోయాక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. మర్నాడు ఇంకో పుస్తకం కొని అన్నీ అందులోకి ఎక్కించాను.

పదహారేళ్లలో ఆయన ఇంట్లో ఉన్నది నాలుగు వందల పన్నెండు రోజులు. రెండు పుస్తకాలు కలిపినా అంతే.