అక్క చేతి మీద పడని నూనె

మొన్న మా జనగామ ఇంట్లో మనుమరాలి చేతికున్న కట్టు చూసి ఎదురింటావిడ ఏమైందని అడిగితే, మా కోడలు తడుముకోకుండా "పూరీలు జేస్తాంటె నూనె పడ్డదక్కా" అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మణికట్టు మీద బొల్లి మచ్చకు హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకొని వచ్చాం, అంతే. వచ్చే నెలలో దాని అన్న పెళ్లి. పసుపు దంచేటప్పుడు పిల్లను ముందుకు రావద్దని కోడలు అప్పుడే చెప్పి పెట్టింది కూడా.

నా పుట్టినిల్లు నెల్లికుదురు దగ్గర పల్లె. మా పెద్దక్కకూ మణికట్టు మీదనే మచ్చ లేచింది. అప్పటినుంచి మా మేనత్త ఆమెను పెరుగు కుండ ముట్టనీయలేదు. నా పెళ్లికి పసుపు దంచేటప్పుడు ఇంటి ఆడపిల్లలందరూ రోకలికి చేయి వేయాలి కదా, అక్క ఆ రోకలి పట్టుకోవాలని ఎంత ఆశపడ్డదో! నన్ను చంకనెత్తుకొని పెంచిన మనిషి, ఆశపడదా? మచ్చ కనబడితే వియ్యాలవారి ముందు పరువు పోతుందని మేనత్త భయం. అందుకని ఆ మహాతల్లి బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ తెచ్చింది. ఎంత ఉతికినా బట్ట మీద పోని ఆ నలుపు తోలు మీద కూడా నిలుస్తుందని ఆమె తెలివి. "జర ఓర్సుకో బిడ్డా, పొద్దుగాల్లకు నల్లగైతది" అంటూ దాని రసం పుల్లతో మచ్చంతా పూసింది.

తెల్లారేసరికి అక్క చేయి బొబ్బలెక్కి ఉబ్బిపోయింది. ముంగిట్లో పసుపు దంచే పాటలు సాగుతుంటే ఆమె వెనక గదిలో తలుపు వేసుకొని కూర్చుంది, నా పెళ్లి అయ్యేదాకా బయటికి రాలేదు. అడిగినవాళ్లకు మేనత్త చెప్పిన జవాబు: "గారెలు జేస్తాంటె నూనె పడ్డది." బొబ్బలు మానాక రంగు రాలేదు సరికదా, కాలినంత మేరా తెల్లబడింది. ఆ తర్వాత అక్క ఏ పెళ్లికీ పోలేదు, నడి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల రవికే తొడిగింది. ఏం పాపం చేసిందని? మేనత్త పోయి ఎన్నేళ్లయినా ఆమె మీద నా కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

మనుమరాలికి డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మచ్చ చాలాకాలం పెరగకుండా నిలకడగా ఉంటేనే ఈ పని చేస్తారట. మత్తు సూది ఇచ్చి, లేజరుతో మచ్చ మీది పొరను పలుచగా తీసి, తొడ నుంచి తీసిన సన్నని చర్మం అక్కడ పరిచి కట్టు కట్టారు. రంగు నెలల మీద మెల్లగా వస్తుందనీ, అందరికీ పూర్తిగా రాకపోవచ్చనీ చెప్పింది. కొందరికి కాలినచోట కొత్త మచ్చలు లేస్తాయని ఆమె అంటుంటే, నాకు ఆ పుల్ల, ఆ గింజ గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

అందుకే కోడలి మాట పూర్తి కాకముందే నేను అందుకున్నాను. "నూనె లేదు గీనె లేదు బిడ్డా. బొల్లికి ఆపరేషన్ జేయించినం. మా అక్కకు గూడ గిట్లనే ఉండె." కోడలు ముఖం మాడ్చుకొని లోపలికి పోయింది. పోనీ. మనుమరాలు మాత్రం నా కొంగు చాటు నుంచి చేయి బయటికి తీసింది.

ఇప్పుడు పసుపు పొట్లాల్లో వస్తోంది, రోకలిని ఫొటోల కోసమే పట్టుకుంటున్నారు. అయినా సరే, మనుమడి పెళ్లికి పసుపు దంచే రోజు దాని మీద మొదటి చేయి ఈ పిల్లదే, రంగు వచ్చినా రాకున్నా. అడ్డం వచ్చేవాళ్లు నన్ను దాటుకొని రావాలి. ఆనాడు ఈ మాట అనే మనిషి మా ఇంట్లో ఒక్కరుంటే, అక్క కూడా నా పెళ్లి చూసేది.