ఏడిపించే పుస్తకం

కరోనా తగ్గిన ఏడాది నన్ను శింగనమల పక్క ఒక పల్లెలోని శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా వేసినారు. రిటైర్మెంటు ముందర రోజూ అనంతపురం నుంచి బస్సు! తిట్టుకుంటానే పోయి చేరినాను.

ఒకరోజు రామలక్ష్మమ్మ అని, కూలిపని చేసుకునే ఆమె వచ్చింది. "సార్, ఏడిపించే బుక్కేదన్నా ఉండాదా?" అనింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు చెప్పింది. భర్త పోయి నెలలైందంట. డిగ్రీ చదివే కూతురు సుజాత కంట్లో నీటిబొట్టు రాలేదంట. కాలేజీ మానేసింది, అన్నం గూడా సరిగ్గా తింటాలేదు. "అది ఏడిస్తే బతుకుతాది సార్" అనింది. నా నవ్వు ఎటుపోయిందో!

ఏ పుస్తకం ఎవర్ని ఏడిపిస్తుందో నాకు తెలీదా అనుకున్నాను. జనం కండ్లు తుడుచుకుంటా తెచ్చిచ్చే నవలలన్నీ వరసగా ఇచ్చినాను. సుజాత అన్నీ చదివి, "బాగుండాయి సార్" అని పొడికండ్లతో తిరిగిచ్చేది.

ఇంక ఒకటే మిగిలింది, తండ్రీకూతుళ్ల కథ. అది రెఫరెన్సు ప్రతి, అంటే ఇంటికి ఇయ్యకూడదు, అక్కడే చదవల్ల. వాళ్లమ్మను వెంటబెట్టుకొని వచ్చిన సుజాత, తెరిచిన పేజీని ఊరకే చూస్తా కూర్చునింది. వాళ్లమ్మకు ఓపిక చచ్చిపోయి, పుస్తకం లాక్కొని, కూడబలుక్కుంటా గట్టిగా చదవబట్టింది. పఠనమందిరంలో నిశ్శబ్దం మా మొదటి రూలు. నేను లేచినాను గానీ, పేపర్లు చదివే పెద్దమనుషులు "ఉండనీప్పా" అని ఆపినారు.

పుస్తకంలో "నాన్నా, ఇంటికి పోదాం రా" అని ఉంది. మా పక్క తండ్రిని నాయన అంటాం. ఆమె నోటికి నాన్న అనే మాటే రాదు, ప్రతిసారీ "నాయనా" అనే చదువుతాంది. సుజాత విసుక్కునింది.

"నాన్న అని ఉండాదిమ్మా. నాయన యాడుండాడు ఈడ?"

అనేసి, ఆ మాట తన చెవినే పడినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత ఏడ్చింది. అబ్బా, ఏమి ఏడుపది! అన్ని నెలలదీ ఒక్కసారిగా వచ్చింది. వాళ్లమ్మ బిడ్డ తల ఒళ్లోకి తీసుకొని, చదవడం మాత్రం ఆపలేదు. "నాయనా" అనే చదివింది. పెద్దమనుషులు పేపర్లు మడిచి లేచి నిలబడినారు. సర్వీసంతా పుస్తకాల మధ్యనే ఉండి, అట్లాంటిది నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఎవరన్నా ఏడిపించే పుస్తకం అడిగితే, మీకు చదివి వినిపించేవాళ్లు ఎవరుండారని ముందు అడిగేవాణ్ని. పుస్తకం తర్వాత వెతికేవాణ్ని.