టూడా పొయ్యిలో పోసిన నీళ్ళు

"ఆ మాట ఇంకోసారి అనకురా బాసూ. వాళ్ళంటే ఊరు కానివాళ్ళు, ఏమైనా అంటారు. నువ్వూ అంటే నా తల ఎక్కడ పెట్టుకోను?"

టీ పోస్తున్న టూడా చెయ్యి ఆగిపోయింది. తానన్నదాంట్లో తప్పేమిటో బాసూకి తోచలేదు. యాత్రికుల సామాను కంచరగాడిదల మీద వేసుకుని ఇరవై ఏళ్ళుగా ఈ అట్లస్ కొండల్లో తిరుగుతున్నవాడు. రాత్రి ఆమె ఇంట్లో బస చేసిన ఇద్దరు విదేశీయులు, ఇంత మర్యాద ఎక్కడా ఎరగమంటూ ఇప్పుడే వాగుకు వెళ్ళారు. బాసూ దానికి తనవంతు కలిపాడు, అంతే: "టూడా అత్త గుమ్మంలోంచి ఆకలితో పోయినవాడు ఈ లోయలోనే లేడు."

"ఉన్నాడు. జల్లెళ్ళ అద్ది."

"కనుమ అవతలి అద్దియా? ఆ ముసలాయన ఎవరిమీదా చెడు చెప్పగా వినలేదే."

"చెప్పడు. చెప్పినా బాగుండేది."

పోయిన చలికాలం మంచుకు సంత దారి మూసుకుపోయింది. టూడా ఇంట్లో బార్లీ పిండి అడుగంటింది, చక్కెర పలుకైనా లేదు. అప్పుడే కింద మలుపులో అద్ది కనిపించాడు, వీపున జల్లెళ్ళ మోపుతో. కప్పు మీద పొగ కనబడితే చాలు, బాటసారి తలుపు తట్టొచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు. చక్కెర లేని టీ అతిథి ముందు పెట్టడమా? ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది.

"మూడుసార్లు పిలిచాడురా. మేక అరవబోతే దాని మూతి పట్టుకుని కూర్చున్నాను."

"పక్కింట్లో అడగలేకపోయావా అత్తా?"

"అడిగితే టూడా ఇంట్లో చక్కెర లేదని ఊరంతా తెలియదూ? పేరురా. నీ గాడిదకైనా బరువెక్కువైతే కూలబడే తెలివుంది, నాకు లేకపోయింది."

అద్ది గోడవార కూర్చుని తన మూటలోని రొట్టె తానే విప్పుకుని తిన్నాడు. తన గుమ్మం ముందు పరాయి మనిషి సొంత రొట్టె తినడం కన్నా ఇల్లాలికి తలవంపులేముంటాయి? ఆ నమిలే చప్పుడు తలుపు సందులోంచి ఆమెకు వినబడింది. పోయేముందు, "పాపం, కట్టెలకు పోయినట్టున్నారు, తడిసి వస్తారు" అని గొణుక్కుంటూ సగం రొట్టె గడప మీద పెట్టాడు. పక్షులు ముట్టకుండా దానిమీద ఒక జల్లెడ బోర్లించాడు.

"ఆ రొట్టె?"



"తిన్నాను. రెండు రోజులు గంజి మీదే ఉన్నాను మరి. నా గడప మీద ఆయన నాకు పెట్టాడు, నేను తిన్నాను."

బాసూ టీ చల్లారిపోయింది. ఆమె లేచి, లోపలి గోడకు వేలాడుతున్న ఆ జల్లెడ తెచ్చింది. అందులో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ పెట్టింది.

"రేపు కనుమ దాటుతావుగా. ఇది ఆయన చేతికివ్వు. ఆ రోజు టూడా ఇంట్లోనే ఉందని చెప్పు. నామీద జాలిపడి, నాకు బదులు నువ్వేమీ సర్దిచెప్పకు. ఇంకొక్కసారి ఈ దారిన రమ్మన్నానని మాత్రం చెప్పు, నాయనా."