అక్కుపల్లిలో పీచు రుద్దుడు

మాది గుంటూరు వైపు. పలాసలో మనవరాలి ఇంటికి వెళ్లినప్పుడు, కొబ్బరికాయలు తోటలోనే చవకని ఆటో ఎక్కి అక్కుపల్లి చేరాను. కాయలమ్మే ఆవిడ తన పెనిమిటిని పీట మీద కూర్చోబెట్టి, మెత్తగా నలిపిన పొడి కొబ్బరి పీచుతో పాదాల నుంచి పైకి రుద్దుతోంది. ఒంటి మీంచి తెల్లటి పొట్టు రాలుతోంది.

"నూనె రాయకుండా అలా రుద్దితే ఒళ్లు మండదా?" అని గదమాయించాను.

"కిడ్నీ జబ్బమ్మా. తానానికి ముందు ఇలా సేత్తేనే దురద తగ్గుద్ది. నేకపోతే గోళ్లతో గీరీసుకుంతాడు."

ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి పీచు పక్కన పెట్టేసింది. ఉబ్బిన నరం మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టింది. "ఉందిలే," అంది. నా చెయ్యి కూడా లాగి అక్కడ పెట్టింది. చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటోంది.

"డయాలసిస్ మిషన్లోకి నెత్తురు ఎల్లేది ఇక్కడ్నించే. ఈ జుమ్ము ఆగితే ఆసుపత్రికి పరుగే. అందుకే రోజూ సూసుకుంతాం."

"మొగుడి కంటే దీని మీదే పేమ దానికి," అన్నాడతను.

పరాయి మగవాడి చెయ్యి ఎన్నడూ ముట్టనిదాన్ని, అయినా నా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. ఒక మనిషి ప్రాణం అలా చేతికి తగలడం నాకదే మొదలు.

"ఇంక ఇడిసీయమ్మా, నీళ్లు సల్లారిపోతన్నాయి," అంది ఆవిడ.