ఏం సమజైంది, చెప్పు

కవిత మధ్యలో ఎవరైనా చప్పట్లు కొడితే ఆ కవి చదవడం ఆపేసేవాడు. అరచెయ్యి పైకెత్తి, కొట్టినవాణ్ణే లేపి అడిగేవాడు: "ఎందుకు కొట్టినవ్ బిడ్డా? ఏం సమజైంది, చెప్పు." క్యాంపస్‌లో ఓసారి నన్నూ లేపాడు. "బాగుంది సార్" అన్నాను. "అయితే మళ్ల ఇను" అని మొదటినుంచీ నాకోసం చదివాడు.

ఆయన పోయాక, యూనివర్సిటీ వాళ్లు ఆయన రికార్డింగులన్నీ కలిపి సంకలనం తెస్తున్నారంటే, తార్నాకలో మా ఇంట్లో దాచిన క్యాసెట్లన్నీ మోసుకెళ్లి ఇచ్చాను. తయారయ్యాక విన్నాను. ఒళ్లు మండింది. ఆ ప్రశ్న ఒక్కచోటా లేదు. పైగా ప్రతి కవిత చివరా ఎక్కడివో చప్పట్లు తెచ్చి అతికించారు.

"ఇదేంది సార్? ఆయన అడిగే మాటలేవి?" అన్నాను, సంకలనం చేసిన ప్రొఫెసర్‌తో.

"అవి డిస్టర్బెన్స్ అయితయని తీసేసినం. చప్పట్లుంటేనే నిండుగ ఉంటది."

బతికుండగా ఆయన నోరు మూయించలేనివాళ్లు, పోయాక కత్తెరతో మూయించారు.

ఆవిష్కరణ సభలో రికార్డింగు పెట్టారు. ఆయన గొంతు ఆగీ ఆగకముందే హాలంతా చప్పట్లు. ఇక కూర్చోలేకపోయాను. లేచి, అరచెయ్యి పైకెత్తి అరిచాను: "ఎందుకు కొడుతున్రు? ఏం సమజైంది, చెప్పుర్రి!"

దానికీ చప్పట్లు కొట్టారు.