చావును మెత్తగా చెప్పే పని

నాలుగో తరగతిలోనే చదువు నాకు సలాం కొట్టి పోయింది. నోరు మాత్రం నాతోనే ఉండిపోయింది. అందుకే బోధన్ పక్కన మా ఊళ్లో ఎవరు చనిపోయినా, దూరాన ఉన్న ఆడబిడ్డలకు కబురు నాతోనే పంపేవారు. "పోయిండు" అని మొహం మీద అనకూడదు. చెప్పులు విడిచి, నీళ్లు తాగి, "జర పానం బాగలేదు, ఒక్కపాలి వచ్చి పోతవా?" అనాలి. అంతే, లోపల ఏడుపు మొదలయ్యేది.

ఓ చలికాలం, చెరుకు కొట్టే రోజుల్లో, మా బాపుకే జ్వరం వచ్చింది. నవీపేట్‌లో ఇచ్చిన అక్కను చూడాలని ఒకటే పోరు. అక్క అత్త రెండేళ్లుగా పంపలేదు. పంపనని ఏనాడూ అనలేదు, ఆ తల్లి. "గీ కోతలు కానియ్యి" అనేది, "బర్రె ఈననియ్యి" అనేది. ఆ బర్రె రెండేళ్లూ కడుపుతోనే ఉంది.

నేను వెళ్లి గడపలో నిలబడ్డానో లేదో, అక్క చేతిలో చెంబు జారిపడింది.

"బాపుకు జ్వరం. నిజంగ జ్వరమే!" అన్నాను.

"గట్లనే అంటరు కొడుకా" అని అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

"పొద్దున గటుక తాగిండు అత్తా! నన్ను తిట్టిండు గూడ!"

"అయ్యో, ఆఖరికి తిట్టుకుంట పోయిండా!"

ఒట్టు పెట్టినకొద్దీ ఏడుపు పెరిగింది. రెండేళ్లు దొరకని తీరిక అత్తకు అరగంటలో దొరికింది. పాలు పితికే పని పక్కింటికి అప్పజెప్పి, బండి కట్టించింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఊరి మొదట్లోనే శోకాలు ఎత్తుకున్నారు. పొద్దున్నే బాపుతో మాట్లాడి వచ్చినవాళ్లు కూడా, ఎందుకైనా మంచిదని ఏడుస్తూ వెంట నడిచారు.

బాపు మంచం మీద కూర్చుని చెరుకు ముక్క నములుతున్నాడు.

"ఎవలు పోయిండ్రే?" అన్నాడు.

ఆయన చూపు అత్త చంకలోని కొత్త తెల్లగుడ్డ మీద పడింది. "గదేంది చెల్లె?"

"చలికాలం గదన్నా... కప్పుకుంటవని తెచ్చిన."

బాపు విప్పి చూసుకున్నాడు. "మంచిగ పొడుగున్నది. నెత్తి సుత మునుగుతది."

అత్త గబుక్కున లేచింది. "ఇగ పోదాం పా బిడ్డా, పొద్దు గూకుతది."

అక్క కదలలేదు. "పది దినాలకని వాడకంతా చెప్పి వచ్చినవు గదత్తా. ఇయ్యాల్నే మర్లిపోతే ఏమని చెప్తవు?"

లేచిన అత్త మళ్లీ కూలబడింది. ఇంత బతుకులో మొదటిసారి ఆమెకు మెత్తని మాట ఒక్కటీ దొరకలేదు. బతికున్న బాపు కోసం ఒక్క పూట పంపనామె, పోయిన బాపు పేరిట పది రోజులు ఇచ్చేసింది.

అక్క అప్పటికే పొయ్యి ముందు కూర్చుని, రొట్టెలకు జొన్నపిండి తడుపుతోంది.